ప్రభుత్వం ఎక్కడ ఓడిపోవాలి?

టంగుటూరి ప్రకాశం పంతులుకు అధికారం మూడుసార్లు చేజారింది, మూడుసార్లూ వేర్వేరు చోట్ల. 1947 మార్చిలో మద్రాసు ప్రధానిగా ఉండగా సొంత పార్టీ శాసనసభా పక్షమే ఆయనను దించింది. 1952లో కాంగ్రెసేతర పక్షాలు చాలావరకు ఏకమై మద్రాసు శాసనసభలో ఆయనను నాయకుడిగా నిలబెట్టుకుంటే, గవర్నరు పిలుపు మరొకరికి వెళ్లింది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా కర్నూలులో, శాసనసభలోనే, ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు.

పంతులు స్మారక సభల్లో ఎక్కువగా వినబడేది సైమన్ కమిషన్ నాటి కథ. మద్రాసు వీధిలో తుపాకుల ముందు ఛాతీ చూపి నిలబడ్డ ఆ ధైర్యాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా తక్కువే. కానీ పార్లమెంటరీ ప్రభుత్వం ఎలా నడుస్తుందో, పార్టీలు దాన్ని ఎలా నిలబెడతాయో, ఎలా కూలుస్తాయో అర్థం చేసుకోవాలంటే ఆయన ఓటములే పెద్ద పాఠ్యపుస్తకం. ప్రభుత్వం పార్టీ సమావేశంలో పడిపోవచ్చు, రాజ్‌భవన్‌లో పడిపోవచ్చు, సభలో పడిపోవచ్చు. వీటిలో మూడోదే సక్రమమైన చోటు. అక్కడ కూడా ఓటు వేసే సభ్యుడికి తనదంటూ ఒక నిర్ణయం ఉండాలి. ఈ ఉపన్యాసం చెప్పదలచింది అదే.

మన రాజ్యాంగంలో ముఖ్యమంత్రిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. ప్రజలు సభ్యులను ఎన్నుకుంటారు. సభలో ఎక్కువమంది ఎవరి వెనుక నిలబడితే వారు ప్రభుత్వం నడుపుతారు. మంత్రిమండలి సమష్టిగా శాసనసభకు బాధ్యత వహించాలని 164వ అధికరణం చెబుతోంది. కేంద్రం విషయంలో 75వ అధికరణం లోక్‌సభ గురించి ఇదే మాట అంటోంది. ఇంత పెద్ద రాజ్యాంగంలో రాజకీయ పార్టీ ప్రస్తావన మాత్రం 1985 దాకా లేదు. అంటే ముప్పై అయిదేళ్లపాటు దేశాన్ని నడిపించిన యంత్రం పేరు ఆ పుస్తకంలో కనబడలేదు.

1947 సంగతి చూద్దాం. అప్పట్లో ప్రావిన్సు ప్రభుత్వాధినేతను ప్రధాని అనేవారు. 1946 ఏప్రిల్ 30న ప్రకాశం ఆ పదవిలోకి వచ్చారు. కాంగ్రెసు పెద్దలు రాజాజీ వైపు మొగ్గినా, శాసనసభా పక్షంలోని లెక్కలు పంతులుకు కలిసొచ్చాయి. కొత్త బట్టల మిల్లులు వద్దు, ఖద్దరు కావాలి అన్న ఆయన విధానం మిల్లు యజమానులకే కాదు, సొంత పార్టీలోనూ చాలామందికి మింగుడు పడలేదు. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో, పార్టీ పక్షం ఆయనపై విశ్వాసం లేదంది. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ఆయన స్థానంలోకి వచ్చారు. ప్రకాశాన్ని దించింది శాసనసభ కాదు, శాసనసభలోని ఒక పార్టీ.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నాయకుణ్ణి ఎన్నుకున్న పక్షానికి మార్చుకునే హక్కూ ఉంటుంది. చిక్కు మరోచోట ఉంది. పార్టీ సమావేశంలో ఏ సభ్యుడు ఎటు నిలిచాడో, ఎందుకు నిలిచాడో సభ రికార్డులకు ఎక్కదు. ఓటరుకు దాన్ని చదువుకునే దారి లేదు. తరవాతి కాలంలో ఆ పక్షం చేతిలోని నిర్ణయం కూడా ఢిల్లీలోని అధిష్టానానికి పోయింది. 1978లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ శాసనసభ అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను చూసింది: మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి. ఒక్కరు కూడా సభలో ఓడి దిగిపోలేదు. సభలో కాంగ్రెసు మెజారిటీ చెక్కు చెదరలేదు, ముఖ్యమంత్రి గది ముందు పేరుపలక మాత్రం మారుతూ పోయింది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడానికి ఈ అవమానభారమే పెద్ద కారణం. ఆ పార్టీ కూడా 1995లో తన వ్యవస్థాపకుడు ఎన్టీ రామారావును పార్టీ పక్షంలోని మెజారిటీ లెక్కతోనే దించింది. ఆ ఆగస్టులో ఎమ్మెల్యేలు ఏ హోటల్లో ఉన్నారన్నదే రాష్ట్రానికి ప్రధాన వార్త. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ప్రమాణ స్వీకారం చేశారు. అది నమ్మకద్రోహమా, పార్టీని కాపాడుకోవడమా అన్న వాదన నేటికీ తెగలేదు. ఇక్కడ దాన్ని తేల్చాల్సిన పనీ లేదు.

రాజ్‌భవన్ కథ ఇంకా ముఖ్యమైంది. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ, మరికొందరు కలిసి ఐక్య ప్రజాస్వామ్య కూటమి కట్టి ప్రకాశాన్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం ఆ ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ఆయననే ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. చిన్న పార్టీలు, ఇండిపెండెంట్లు కొందరు చేరాక రాజాజీ సభలో మెజారిటీ చూపించుకున్నారు. మెజారిటీ ఉన్నవారిని పిలవడం వేరు, పిలిచినవారికి మెజారిటీ కూడగట్టుకునే వెసులుబాటు ఇవ్వడం వేరు. స్వతంత్ర భారతంలో ఈ రెండో పద్ధతికి మొదటి పెద్ద ఉదాహరణ మద్రాసులోనే, తెలుగు నాయకుడి విషయంలోనే దొరికింది.

ప్రకాశం ఆంధ్ర మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రిగా పనిచేసిన నీలం సంజీవరెడ్డికి పాతికేళ్ల తర్వాత రాష్ట్రపతిగా ఇదే ప్రశ్న ఎదురైంది. 1979 జులై 28న చరణ్‌సింగ్ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆగస్టు 20న, లోక్‌సభ ముఖం చూడకుండానే, రాజీనామా ఇచ్చి సభను రద్దు చేయమన్నారు. అవకాశం ఇస్తే బలం చూపిస్తానని జగ్జీవన్ రామ్ అన్నా, సంజీవరెడ్డి ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. ఒక్కరోజు కూడా పార్లమెంటును ఎదుర్కోని ప్రధాని సలహాపై పార్లమెంటే రద్దయింది. సంజీవరెడ్డి వైపున వాదించేవారికీ కారణాలు లేకపోలేదు. కానీ అక్కడ లెక్క జరిగింది రాష్ట్రపతి భవన్‌లోనే.

ఇక 1984 ఆగస్టు తెలుగువారికి చెప్పాల్సిన పనిలేదు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొని ఎన్టీ రామారావు అప్పుడే తిరిగివచ్చారు. ఆయనకు మెజారిటీ లేదని గవర్నరు రామ్‌లాల్ ఆగస్టు 16న మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. సభలో బలం నిరూపించుకుంటానన్న ఎన్టీఆర్‌కు ఆ అవకాశం దక్కలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం నెల గడువు దొరికింది. తన వెంట ఉన్న ఎమ్మెల్యేలను ఎన్టీఆర్ రైలెక్కించి ఢిల్లీ తీసుకెళ్లి, రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు వరసగా నిలబెట్టారు. తర్వాత వాళ్లు కర్ణాటకలో తలదాచుకున్నారు. తెలుగు రాజకీయ భాషలోకి క్యాంపు అన్న మాట అప్పటినుంచే బలంగా దిగింది. ప్రజలు ఎన్నుకున్న సభ్యులు తాము ఎవరి పక్షమో చెప్పుకోవడానికి వెయ్యి మైళ్లు ప్రయాణించాల్సి వచ్చింది. వాళ్లు కూర్చోవాల్సిన సభ మాత్రం హైదరాబాదులోనే ఉంది. రామ్‌లాల్ వెళ్లిపోయారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ అనుభవం న్యాయసూత్రంగా మారడానికి పదేళ్లు పట్టింది. కర్ణాటకలో 1989లో బర్తరఫ్ అయిన ఎస్.ఆర్. బొమ్మై కేసులో 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: మంత్రివర్గానికి మెజారిటీ ఉందో లేదో నిర్ణయించాల్సిన చోటు సభ, గవర్నరు సొంత అంచనా కాదు. ఇవాళ ఏ రాష్ట్రంలో సంక్షోభం వచ్చినా మొదట వినబడే మాట బలపరీక్షే. ఆ మాటకు దారి వేసినవాళ్లలో 1984 నాడు వీధుల్లోకి వచ్చిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు.

సరే, లెక్క సభకు వచ్చింది. సభలో ఏం జరుగుతుంది?

డేరాల కింద కార్యాలయాలు నడిచిన కర్నూలు రాజధానిలో ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానాన్ని ఎదుర్కొంది. అప్పటి పెద్ద వివాదం మద్యనిషేధం. నిషేధం సత్ఫలితాలివ్వలేదు, ఎత్తేయండని ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీయే చెప్పింది. ప్రభుత్వం వినలేదు. ఉపాధి పోయిన గీత కార్మికుల కోసం గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. కమ్యూనిస్టులు సరేసరి, నిన్నటిదాకా ప్రభుత్వాన్ని మోసినవాళ్లు కొందరు కూడా ఎదురు తిరిగారు. ఒక్క ఓటు తేడాతో తీర్మానం నెగ్గింది. ఈ ఓటమిలో ఒక గౌరవం ఉంది. ఒక విధానం మీద, ఒక వర్గం బతుకుదెరువు మీద, బహిరంగంగా చర్చ జరిగి, పేర్లతో ఓట్లు పడి ప్రభుత్వం పోయింది. పంతులుకు ముందటి రెండు ఓటములు చేసిన అన్యాయం ఈ ఓటమి చేయలేదు.

ఆ వెంటనే జరిగిన 1955 మధ్యంతర ఎన్నికలు పార్టీల అవసరాన్ని మరోవైపు నుంచి చూపించాయి. కమ్యూనిస్టులను ఎదుర్కోవడానికి కాంగ్రెసు, ప్రకాశం వర్గం, కృషికార్ లోక్ పార్టీ కలిసి ఒకే కూటమిగా పోటీచేశాయి. 196 స్థానాల్లో కూటమికి 146 దక్కాయి. సుమారు 31 శాతం ఓట్లు తెచ్చుకున్న కమ్యూనిస్టు పార్టీకి దక్కినవి 15. నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే గెలిచే మన పద్ధతిలో చీలినవాళ్లకు శిక్ష, కలిసినవాళ్లకు బహుమానం. అందుకే పార్టీలు లేని చట్టసభను ఊహించుకోవడం వ్యర్థం. ప్రణాళిక చెప్పేది, అభ్యర్థికి బీ ఫారం ఇచ్చేది, గెలిచాక బడ్జెట్ గట్టెక్కించేది పార్టీయే. ప్రశ్నల్లా పార్టీ గీత ఎంతవరకు పోవాలన్నదే.

1999 ఏప్రిల్ 17 నాటి లోక్‌సభను ఒకసారి దగ్గరగా చూడాలి. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ సూచనపై వాజపేయి విశ్వాస తీర్మానం పెట్టారు. స్పీకర్ స్థానంలో అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి ఉన్నారు. ఓటింగ్ అనగానే గంటలు మూడున్నర నిమిషాలు మోగుతాయి. ఆ తర్వాత లాబీ తలుపులు మూసేస్తారు, బయట ఉన్నవాళ్లు బయటే. అప్పట్లో సభ్యుడు తన బల్ల దగ్గర ఒక చేత్తో ఓటింగు మీట నొక్కి పట్టుకొని, రెండో చేత్తో అవునో కాదో చెప్పే బొత్తాం నొక్కాల్సి ఉండేది. తెలియక తప్పు మీట నొక్కినవాళ్లకు, యంత్రం పనిచేయనివాళ్లకు కాగితం చీటీలు అందుతాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవి వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చా అన్న గొడవ లేస్తే, ఆ నిర్ణయాన్ని బాలయోగి ఆయన విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ ఓటు వేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ ప్రభుత్వం వైపు ఉండగా, ఆ పార్టీ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ విప్‌ను, అంటే ఎటు ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి వ్యతిరేకంగా ఓటేశారు. లెక్క 269–270. గమాంగ్ ఓటు వేయకపోయి ఉంటే ఓట్లు సమానమయ్యేవి. అప్పుడు నిర్ణాయక ఓటు స్పీకర్‌ది. అంటే అమలాపురం ఎంపీ చేతిలో కేంద్ర ప్రభుత్వ భవితవ్యం ఉండేది.

సోజ్‌ను పార్టీ బహిష్కరించింది. ఇక్కడే 1985 నాటి చట్టం కథలోకి వస్తుంది.

1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాక పుట్టిన ‘ఆయారాం గయారాం’ మాట దేశమంతా పాకింది. ఆ జబ్బుకు మందుగా రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు తెచ్చింది. పార్టీని వదిలేస్తే సభ్యత్వం పోతుంది, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు రాకపోయినా పోతుంది. మూడో వంతు చీలితే తప్పులేదన్న మినహాయింపును 2003లో 91వ సవరణ తీసేసింది. మూడింట రెండొంతుల మంది కలిస్తే విలీనం అనే మినహాయింపు మాత్రం ఇంకా ఉంది. ఒంటరిగా గోడ దూకితే నేరం, గుంపుగా దూకితే చట్టబద్ధం.

ఫిరాయింపును ఆపాలన్న ఉద్దేశం మంచిదే. ఒక పార్టీ గుర్తు చూపించి ఓట్లడిగి, గెలిచాక మరో కండువా కప్పుకోవడం ఓటరును మోసగించడమే. కానీ ఆ చట్టం రెండు వేర్వేరు పనులను ఒకే గాటన కట్టింది. డబ్బు కోసమో పదవి కోసమో పార్టీ మారడం ఒకటి. ఒక బిల్లు తన నియోజకవర్గానికి అన్యాయం చేస్తుందని మనస్ఫూర్తిగా నమ్మి వ్యతిరేకించడం మరొకటి. రెండింటికీ ఒకే శిక్ష పడింది. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో చట్టాన్ని సమర్థించిన సుప్రీంకోర్టు కూడా, శిక్ష ఇంత కఠినం కాబట్టి విప్‌ను విశ్వాస పరీక్షలకు, పార్టీ మూల విధానాలకు పరిమితం చేయడం మంచిదంది. పార్టీలు ఆ సలహాను పక్కన పెట్టాయి.

విప్ అన్న సంప్రదాయం పుట్టిన బ్రిటన్‌లో సభ్యుడి పరిస్థితి వేరు. 2019 జనవరి 15న బ్రెగ్జిట్ ఒప్పందంపై థెరిసా మే ప్రభుత్వం 202–432తో చిత్తుగా ఓడింది. వ్యతిరేకించినవారిలో ఆమె సొంత పార్టీ సభ్యులు 118 మంది. మరునాడు అవిశ్వాస తీర్మానం వస్తే 325–306తో ప్రభుత్వం నిలబడింది. నిన్న ఒప్పందాన్ని ఓడించిన సొంత సభ్యులే ఇవాళ ప్రభుత్వాన్ని కాపాడారు. ఆ సెప్టెంబరులో బోరిస్ జాన్సన్ ఎదురుతిరిగిన 21 మందిని పార్టీ పక్షం నుంచి వెలివేసినా వాళ్ల సీట్లు పోలేదు. విధానం మీద తగాదా పడుతూనే ప్రభుత్వాన్ని నిలబెట్టే ఈ వెసులుబాటు మన సభ్యుడికి లేదు.

లేకపోతే ఏమవుతుందో 2014లో తెలుగువారందరూ చూశారు. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరించింది, మూజువాణి ఓటుతో. ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని ఆమోదించింది, అదీ మూజువాణి ఓటుతోనే, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన వేళ. తెలంగాణ కోసం ఏళ్లతరబడి పోరాడిన ఎంపీకీ, రాష్ట్రం చీలకూడదని సొంత ప్రభుత్వంపైనే అవిశ్వాస నోటీసు ఇచ్చి కాంగ్రెసు బహిష్కరణకు గురైన ఎంపీకీ తమ పేరిట ఒక ఓటు నమోదు కావాలన్న కోరిక న్యాయమైనదే. బిల్లు సరైనదా కాదా అన్నదానిపై రెండు రాష్ట్రాల్లో రెండు అభిప్రాయాలు ఉంటాయి, ఉండాలి కూడా. కానీ ఎనిమిదిన్నర కోట్ల మంది భవిష్యత్తును తేల్చిన రోజున బిల్లుకు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా చూపించే జాబితా రెండు చోట్లా లేదు. తెలంగాణ గెలిచినవారికీ ఆంధ్ర ఓడినవారికీ సమానంగా తగిలిన నష్టం ఇది.

ఫిరాయింపులను ఆ చట్టం ఆపిందా అంటే అదీ లేదు. 2014–19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరారు, నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెసు ఎమ్మెల్యేలు టీఆర్ఎస్ శాసనసభా పక్షంలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు పదిమంది కాంగ్రెసు వైపు వెళ్లారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా పోయాయి. మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న కోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఎవరు అధికారంలో ఉంటే వారు లాభపడ్డారు, ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వారు కోర్టుకెక్కారు. కారణం అందరికీ తెలిసిందే: అనర్హతను నిర్ణయించే స్పీకర్ అధికార పక్షం ఓట్లతో ఆ కుర్చీలోకి వచ్చినవారు. ఆయన నిర్ణయం తీసుకోకపోవడమే ఒక నిర్ణయం అవుతోంది. మణిపుర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని స్పీకర్ నుంచి తప్పించి శాశ్వత ట్రైబ్యునల్‌కు ఇవ్వడం గురించి పార్లమెంటు ఆలోచించాలంది.

ఫలితం ముందే తెలిసినా సభలో చర్చ వృథా కాదు. అవిశ్వాస తీర్మానం విలువ ప్రభుత్వాన్ని పడగొట్టడంలోనే లేదు. 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ నెహ్రూపై పెట్టిన తొలి తీర్మానం 62–347తో ఓడిపోయింది. ప్రత్యేక హోదా కోసం తెలుగుదేశం 2018 జులై 20న పెట్టినది 126–325తో ఓడిపోయింది. రెండూ ఓడతాయని ముందే తెలుసు. చైనా యుద్ధం గురించి నెహ్రూ, విభజన హామీల గురించి మోదీ సభలో లేచి సమాధానం చెప్పాల్సి వచ్చింది, దేశం వింది. అదే 2018 మార్చి, ఏప్రిల్‌లలో వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం ఇచ్చిన నోటీసులు సభ సద్దుమణగలేదన్న కారణంతో చర్చకే రాలేదు. ప్రభుత్వం చేత జవాబు చెప్పించాలంటే ముందు సభ నడవాలి.

ఫిరాయింపుల చట్టంలో మార్పు ఎటు ఉండాలో 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది: పార్టీని వదిలేసినప్పుడు, విశ్వాస, అవిశ్వాస తీర్మానాలపై విప్‌ను ధిక్కరించినప్పుడు మాత్రమే సభ్యత్వం పోవాలి. వాటికి బడ్జెట్‌ను కూడా చేర్చుకుంటే ప్రభుత్వం నిలకడకు ముప్పు ఉండదు. మిగతా బిల్లులన్నింటి మీదా సభ్యుడు తన నియోజకవర్గం ముఖం చూసి ఓటేయవచ్చు. పార్టీకి కోపం వస్తే వచ్చే ఎన్నికల్లో బీ ఫారం ఇవ్వకుండా ఉండొచ్చు. ఆ హక్కు పార్టీకి ఎప్పుడూ ఉంది. ఇందుకు పదో షెడ్యూలును సవరించాలి, దానికి పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ కావాలి. తమ పట్టు సడలించే సవరణకు పార్టీ నాయకత్వాలు అంత తేలిగ్గా ఒప్పుకోవు.

అంతదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. చట్టసభ తన కార్యవిధాన నియమాలను తానే రాసుకోవచ్చని 208వ అధికరణం అంటోంది. ప్రతి బిల్లు తుది ఆమోదం మీదా మూజువాణి చాలదు, పేర్లతో ఓటింగ్ జరగాలి, ఆ జాబితా అదే రోజు తెలుగులో ప్రజలకు అందాలి అన్న ఒక్క నియమాన్ని అమరావతిలోనూ, హైదరాబాదులోనూ రూల్స్ కమిటీలు చేర్చగలవు. రాజ్యాంగ సవరణ అవసరం లేదు, ఢిల్లీ అనుమతి అవసరం లేదు. వచ్చే సమావేశాల్లో ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా ఈ ప్రతిపాదన పెట్టవచ్చు.